జిల్లాకో బర్న్స్ వార్డా, పీహెచ్‌సీలో సెలైనా? డబ్బు ఎక్కడ పెట్టాలి?

గోదారిగట్టు: మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఉన్న కొద్ది డబ్బుతో జిల్లాకో వార్డు కట్టడమే మేలంటాను. ఇన్‌ఫెక్షన్ ఆగాలంటే విడి గదులు, చర్మం అతికే సర్జన్ ఉండాల్సిందే.

సెలైన్‌స్టాండు: వార్డు వద్దనడం లేదండీ. అక్కడికి చేరేలోపే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతింటే? కిలో బరువుకు, కాలిన ఒక్కో శాతానికి 4 మి.లీ. లెక్క. 60 కిలోల మనిషికి ఒంట్లో 30 శాతం చర్మం కాలితే 4 × 60 × 30, అంటే మొదటి 24 గంటల్లో 7,200 మి.లీ. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్). సగం తొలి 8 గంటల్లో వెళ్ళాలి. ఆ 8 గంటలు కాలిన నిమిషం నుంచి, ఓపీ చీటీ రాసిన దగ్గర్నుంచి కాదు. తప్పంతా ఇక్కడే. మూడు గంటలు ఆలస్యంగా వస్తే 3,600 మి.లీ. మిగిలిన 5 గంటల్లో, గంటకు 720 చొప్పున ఎక్కించాలి. ఉత్తినే ఎర్రబడ్డ చర్మాన్నీ శాతంలో కలిపేస్తే నీరెక్కువై ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మూత్రం గంటకు 30 మి.లీ. వస్తోందా అని చూసుకుంటూ చుక్కలు పెంచాలి, తగ్గించాలి. మొత్తం సరుకు 15 అర లీటరు బాటిళ్ళు, నరంలో పెట్టే క్యానులాలు రెండు, మూత్రం పట్టే గొట్టం (క్యాథెటర్) ఒకటి.

గోదారిగట్టు: రాత్రి పీహెచ్‌సీలో ఆ మూత్రం కొలిచేదెవరండీ?

సెలైన్‌స్టాండు: నిజమే. అందుకే మొదలుపెట్టి 108లో పంపమంటున్నా. కాలిన టైము, ఎక్కిన మి.లీ. చీటీ మీద రాస్తే చాలు.

మోచేతిపట్టీ: మీరిద్దరూ ప్రాణం దగ్గరే ఆగారు. మెడ కాలినవాళ్ళకి హాయిగా ఉంటుందని తలకింద దిండు పెడతారు. ఆ హాయే కొంప ముంచేది, గడ్డం ఛాతీకి అతుక్కుపోతుంది. దిండు తీసేసి భుజాల కింద దుప్పటి చుట్ట పెట్టాలి. చంక కాలితే చెయ్యి 90 డిగ్రీలు పక్కకి చాపి ఉంచాలి, మోచెయ్యి తిన్నగా, రాత్రి స్ప్లింటు (వంగకుండా కట్టే బద్ద). గాయం మానాక ప్రెజర్ గార్మెంటు (మచ్చను అదిమిపట్టే బిగుతు తొడుగు) రోజుకు 23 గంటలు, ఏడాది దాకా. ఉతుక్కోవాలి కాబట్టి రెండు జతలు. వంగిపోయిన మోచేతితో మేస్త్రీ తాపీ పట్టలేడు, ఆ పోయిన కూలి ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనపడదు.

గోదారిగట్టు: స్ప్లింటు వేసేవాళ్ళుండేదీ వార్డులోనే కదా?

మోచేతిపట్టీ: డిశ్చార్జి అయ్యాకే చర్మం ఎక్కువ బిగుస్తుందండీ. వారం వారం 100 కి.మీ. బస్సెక్కి ఎవరొస్తారు? ఏరియా ఆసుపత్రిలో ఫిజియో ఉండాలి.

పంపుకింద: అన్నిటికన్నా చవక కుళాయి. 20 నిమిషాలు చల్లటి నీళ్ళ ధార, మూడు గంటల్లోపు ఎప్పుడు పట్టినా పనిచేస్తుంది. ఐసు వద్దు. పేస్టు, సిరా, దోసెపిండి పూస్తే గాయం లోతు తెలియదు, ముందు అదంతా కడగడమే పని. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్యాలి. పసిపిల్లలకి కాలిన చోటే తడిపి, మిగతా ఒళ్ళు కప్పాలి.

సెలైన్‌స్టాండు: ఎన్ని నిమిషాలు నీళ్ళు పట్టారో కూడా ఆ చీటీ మీదే రాయమనండి.