అబద్ధమాడే కథకుణ్ణి తీసేసి తాతను కూర్చోబెట్టారు: ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ నవలకు సినిమా న్యాయం చేసిందా?

మూర్‌మార్కెట్ పాఠకుడు:
పోయిన ఆదివారం టీనగర్‌లో ఒక మిత్రుడి మేడ మీద పదిమందిమి చేరి 1987 నాటి ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ సినిమా చూశాం. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. ఇంటికి వచ్చి నవల తిరగేశాక మాత్రం ఎవరో జేబు కొట్టేసినట్టు అనిపించింది.

చదవనివారి కోసం కొంచెం చెబుతాను. విలియం గోల్డ్‌మన్ 1973లో ప్రచురించిన నవల ఇది. ‘ఇది నేను రాయలేదు’ అని బుకాయించడంతోనే మొదలవుతుంది. మోర్గన్‌స్టెర్న్ అనే ఫ్లోరిన్ దేశపు మహారచయిత గ్రంథాన్ని, తాను చిన్నప్పుడు జబ్బుపడి మంచం మీద ఉండగా నాన్న చదివి వినిపించాడట. పెద్దయ్యాక అదే పుస్తకం కొడుక్కి తెప్పించి ఇస్తే వాడు చదవలేక పక్కన పడేశాడట. తీరా తాను విప్పి చూస్తే, విసుగు పుట్టించే భాగాలన్నీ దాటేసి నాన్న మంచి ముక్కలే చదివాడని తెలిసిందట. అందుకే ఈ సంక్షిప్త ప్రతి.

మోర్గన్‌స్టెర్న్ లేడు. ఫ్లోరిన్ లేదు. ఆ కొడుకూ లేడు, గోల్డ్‌మన్‌కు ఉన్నది ఇద్దరు కూతుళ్లు. కథ మధ్యలో తలదూర్చి, ఇక్కడ రాచకుటుంబంవారు పెట్టెలు సర్దుకోవడం గురించి పేజీలకు పేజీలు ఉంటే కోసేశానంటాడు. లేని పేజీలను కోసే కత్తెర చప్పుడు వింటూ నవ్వుతాం. నాకు నవలంటే ఆ చప్పుడే.

సినిమాలో జబ్బుపడ్డ మనవడికి తాత పుస్తకం చదువుతాడు. పీటర్ ఫాక్ ఎంత ముద్దుగా చేసినా, ఆ తాత ఉత్త మంచివాడు. నవలలో మనకు కథ చెప్పేది భార్యతో పొసగని, కన్నకొడుకును చూసి నిరాశపడే, నోరు తెరిస్తే అబద్ధమాడే మనిషి. ఆయన వెళ్లిపోయాక కత్తియుద్ధాలూ ప్రేమా మిగిలాయి. మంచి సినిమాయే, కానీ ఈ నవల తాలూకు సినిమా కాదంటాను.

వడపళని పాత కాపు:
మీ జేబు కొట్టినవాడు గోల్డ్‌మనే కదండీ! సినిమా స్క్రీన్‌ప్లే రాసింది ఆయనే. పదేళ్లకు పైగా ఈ కథ తెరకెక్కకుండా ఉండిపోయింది. స్టూడియో చేతిలో పడి ఉన్న హక్కులను సొంత డబ్బు పెట్టి వెనక్కి కొనుక్కున్నాడు. స్క్రీన్‌ప్లేకు రెండు ఆస్కార్లు తెచ్చుకున్న మనిషికి ఏది తెర మీద నిలుస్తుందో, ఏది నిలవదో మనం చెప్పాలా?

మా ఇల్లున్నది ఒకప్పుడు వాహినీ స్టూడియో ఉన్న ఊళ్లో కాబట్టి ఇంకో మాట. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కథ వ్యాస భారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి పెళ్లి ఉత్తరతో. పాండవుల ఇంటి కథ అంటూ మూడు గంటలు నడిచిన సినిమాలో పాండవులు ఒక్కసారీ కనబడరు! వ్యాసుడికి అన్యాయం జరిగిందని ఎవరైనా ఏడ్చారా? ఘటోత్కచుడి భోజనం చూసి నవ్వారా లేదా అన్నదే లెక్క.

మూర్‌మార్కెట్ పాఠకుడు:
కాపు గారూ, ఆ పోలిక కుదరదు. శశిరేఖా పరిణయం నాటకాల్లో, హరికథల్లో నూరు చేతులు మారిన కథ. ‘నా ప్రతిలో ఇలా లేదే’ అనడానికి ఎవరికీ సొంత ప్రతి లేదు. ఈ నవలకు నా దగ్గర ప్రతి ఉంది, అట్ట చినిగిందే అనుకోండి. సెంట్రల్ స్టేషన్ పక్కన పాత పుస్తకాల కొట్లలో బేరమాడి కొన్నాను.

రచయితే రాశాడు కాబట్టి సరే అనడం నాకు మింగుడుపడదు. తన ఇంటి గోడ తానే పడగొట్టుకునే హక్కు యజమానికి ఉంటుంది. గోడ పడలేదని మాత్రం అనకూడదు.

చూలైమేడు కంపోజిటర్:
ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో పనిచేసినవాణ్ణి. మీరెవరూ అనని సంగతి ఒకటుంది. మొదటి ముద్రణలో గోల్డ్‌మన్ తలదూర్చే చోట్లన్నీ ఎర్ర సిరాతో అచ్చువేశారు. రెండు రంగులంటే మా రోజుల్లో అదే కాగితం యంత్రంలోకి రెండుసార్లు వెళ్లాలి. ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ కాగితం చిత్తుబుట్టకే. ఒక హాస్యం కోసం అంత ఖర్చు పెట్టించాడంటే, ఆ అంతరాయం ఆయనకు అలంకారం కాదు, పని.

మరి సినిమాలో ఎర్ర సిరా ఏది? ఉంది. కథానాయిక బటర్‌కప్ నీళ్లలోకి దూకినప్పుడు పాముచేప నోరు తెరుచుకుని మీదికి వస్తుంది. సరిగ్గా అప్పుడు తాత చదవడం ఆపి, ఇప్పుడు ఆమెను అవి తినవులే అంటాడు. నవలలో అక్కడ ఉన్నవి సొరచేపలు. చేప మారింది, ఆపిన చోటు మారలేదు. హరిదాసు గారు సరిగ్గా బిగువు మీద కథ ఆపి పిట్టకథ ఎత్తుకుంటారే, ఆ విద్య ఇది. తెర మీద సిరా రంగు మార్చలేరు గనక గది మార్చారు. అనుసరణను తూచాల్సింది ఇలాంటి చోట. ఏమి తీసేశారు అన్నది గుమాస్తా లెక్క. తీసిన దాని పనిని దేనికి అప్పగించారో చూడండి.

వడపళని పాత కాపు:
బాగా చెప్పారు. బటర్‌కప్ ప్రియుడు వెస్లీకీ, కత్తివీరుడు ఇనీగోకీ జరిగే కత్తియుద్ధం సంగతీ అంతే. ఇనీగో తండ్రి గురించి, ఆరు వేళ్ల దొర కోసం ఏడాది పాటు చేసిన కత్తి గురించి నవలలో పెద్ద కథే ఉంది. సినిమాలో కొండ అంచున కూర్చుని కొన్ని మాటల్లో చెప్పేస్తాడు. మిగిలినదంతా కత్తి చెబుతుంది. ఆ నటులిద్దరూ నెలల తరబడి సాధన చేసి దాదాపు మొత్తం తామే పోరాడారు.

మూర్‌మార్కెట్ పాఠకుడు:
కంపోజిటర్ గారి మాటకు సగం లొంగుతాను. మిగతా సగం రెండు చోట్ల అడ్డుపడుతోంది.

ఒకటి, బటర్‌కప్‌ను పెళ్లాడబోయే దుర్మార్గపు రాకుమారుడు హంపర్‌డింక్ మృత్యు జంతుశాల. నేల కింద ఐదు అంతస్తులు, అంతస్తుకో రకం క్రూరమృగాలు, ఐదోది మాత్రం ఖాళీ. తనకు సరిజోడైన ప్రాణి దొరికే దాకా అలా ఉంచాడు. చివరికి అందులో పెట్టేది వెస్లీని. ఆ ఖాళీ గది చదివి నేను వణికాను. సినిమాలో దాని బదులు ఒక చీకటి గుహ, ఒక చిత్రహింస యంత్రం. జంతుశాల పనిని ఎవరికి అప్పగించారు? ఎవరికీ లేదు.

రెండు, ముగింపు. నవలలో నలుగురూ తెల్ల గుర్రాల మీద పారిపోతుండగా ఇనీగో గాయం మళ్లీ రేగుతుంది, వెస్లీకి తిరగబెడుతుంది, వాళ్లతో ఉన్న భారీకాయుడు ఫెజ్జిక్ దారి తప్పుతాడు, బటర్‌కప్ గుర్రం లాడం ఊడుతుంది, వెనక శత్రువుల చప్పుడు. అక్కడ ఆపేస్తాడు. జీవితం న్యాయంగా ఉండదన్నదే పుస్తకమంతా ఆయన గొణిగే మాట. సినిమా ముద్దుతో ముగిసింది. ఆ గొణుగుడు ఏమైంది?

వడపళని పాత కాపు:
సినిమా సరిగ్గా చూడలేదు మీరు. బటర్‌కప్ పెళ్లి ఆ దుర్మార్గుడితో అయిపోతుందేమోనని మనవడు అన్యాయం అంటాడు. జీవితం న్యాయంగా ఉంటుందని ఎవరన్నారని తాతే అడుగుతాడు. మీ ఉత్త మంచి తాతే!

అంబత్తూరు అమ్మమ్మ:
నాయనలారా, పుస్తకం మీరు నాకన్నా బాగా చదివారు గానీ ఒక పేజీ మరిచారు. సుఖంగా ఉన్నారని చెప్పి కథ ముగించేది నవలలోని నాన్న. దాని వెనక మోర్గన్‌స్టెర్న్ రాసిన లాడాలూ గాయాలూ ఆయన కొడుక్కి చదవనే లేదు. అంటే సినిమా తీసింది నవలను కాదు, ఆ నాన్న చదివి వినిపించిన కథను. జంతుశాల లేదంటే, మంచం మీద జ్వరంతో ఉన్న పిల్లాడికి రాత్రిపూట అది వద్దనుకున్నాడేమో. నేనైతే వద్దనుకున్నాను.

నిరుటి వానల్లో మా మనవడికి జ్వరం వస్తే ఈ పుస్తకమే తెలుగు చేస్తూ చదివాను. తండ్రి కొడుకును తక్కువగా చూసే పేజీలు మొత్తం మింగేశాను. జంతుశాలలో మూడు అంతస్తులు ఒక్క వాక్యంలో దించేశాను. నాకు తెలియకుండానే ఆ నాన్న పని నేనే చేశాను.

మూర్‌మార్కెట్ పాఠకుడు:
అమ్మా, ఈ కోణం నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క చిక్కు. నవలలో నాన్న దాటేశాడని మనకు తెలుస్తుంది, ఆ తెలియడంలోనే నవ్వూ నొప్పీ. సినిమా మాత్రమే చూసినవాడికి దాటేసినది ఒకటుందని ఎలా తెలుస్తుంది? ముద్దు సంగతులు దాటెయ్యమని మనవడే అడగడం ఉంది, నిజమే. అది నాకు చాలలేదు. మీ మనవడు సినిమా చూశాడా? ఏమన్నాడు?

అంబత్తూరు అమ్మమ్మ:
చూశాడు. ఐదో అంతస్తు ఏదని అడిగాడు. తీసేశారన్నాను. నువ్వు కూడా ఏమైనా తీసేశావా అమ్మమ్మా అన్నాడు. పుస్తకం తీసుకుని కూర్చున్నాడు, ఇంగ్లీషు తడుముకుంటూ చదువుతున్నాడు. బటర్‌కప్, వెస్లీ మళ్లీ కలుసుకునే ఘట్టం తాను రాశాననీ, అచ్చుకాలేదనీ, కావాలంటే ప్రచురణకర్తలకు ఉత్తరం రాయమనీ గోల్డ్‌మన్ అంటాడు చూశారా, అక్కడికి వచ్చాడు. నిజంగానే ఉత్తరాలు రాసినవారికి ఆ ఘట్టం బదులు అదెందుకు పంపలేకపోతున్నారో చెప్పే జవాబు వచ్చేదని చెప్పాను. వినలేదు. నోటుపుస్తకంలో కాగితం చింపి రాసేశాడు. ఇప్పుడు ఆ కవరు నా ముందు ఉంది. అమెరికాకు ఎంత స్టాంపు అంటించాలో ఎవరైనా చెబుతారా?