కథ చదివి పిల్లలు రాసే ప్రతిస్పందనలు: సారాంశం, నీతి దాటి ముందుకు రావట్లేదు

తొమ్మిదో_తరగతి_తెలుగు:
అందరికీ నమస్కారం. హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. తొమ్మిదిలో 46 మంది పిల్లలు. ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో చేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో) పుస్తక సమీక్షకు 5 మార్కులు ఉంటాయి కదా, అందుకని ఈసారి గురజాడ ‘దిద్దుబాటు’ చదివి ప్రతిస్పందన రాయమన్నాను. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. ముందు రచయిత పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, బిరుదులు. తర్వాత పేజీన్నర కథ. చివర ‘దీనివల్ల మనం గ్రహించవలసిన నీతి’. సొంత మాటల్లో రాయమంటే గైడు వాక్యాలే అటూ ఇటూ మార్చి ఇస్తున్నారు. ప్రశ్న ఎలా అడగాలి, 46 నోటు పుస్తకాలు ఎలా దిద్దాలి, మార్కులు దేనికి వేయాలి? వచ్చే నెలల్లో ఒక చిన్న నవల, ఒక స్వీయానుభవ వ్యాసం చదివించాలని ఉంది. వాటికీ ఇదే పద్ధతి పనికొస్తుందా?

సుద్దముక్క:
మేడమ్, మీరు చెప్పిన మూడు ముక్కలూ పిల్లలు ఊరికే పుట్టించినవి కావు. ‘కవి పరిచయం, సారాంశం, నీతి’ అని పరీక్షల కోసం మనం చిన్న తరగతుల నుంచీ అలవాటు చేసిన వరసే అది. ‘కథపై నీ అభిప్రాయం రాయి’ అని అడిగినంత కాలం అదే వస్తుంది. ఆ ప్రశ్నకు కథ చదవకుండానే జవాబు రాయొచ్చు. పుస్తకం తెరవనిదే జవాబు దొరకని ప్రశ్న అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రతిస్పందన కథ అయిపోయాక మొదలవకూడదు. ముగింపు తెలిశాక ప్రతి పిల్లవాడూ తీర్పరి అయిపోతాడు. ‘దిద్దుబాటు’ను మూడు చోట్ల ఆపి చదివించండి. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి, భార్య కనపడక వెతుక్కునే చోట ఒకసారి. భార్య కమలిని రాసిపెట్టి పోయిన ఉత్తరం అతను పూర్తిగా చదివిన చోట రెండోసారి. మంచం కింద నుంచి కమలిని నవ్వు వినపడే వాక్యానికి సరిగ్గా ముందు మూడోసారి. ఆపిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు మౌనంగా రాయాలి. రెండు మూడు వాక్యాలు చాలు. ‘ఇప్పుడు నీకు ఎవరి మీద ఏమనిపిస్తోంది, ఏ మాట వల్ల?’ ఇదొక్కటే ప్రశ్న. పుస్తకంలో కథ మొత్తం కళ్ళ ముందే ఉంటే పిల్లలు చివరికి దూకేస్తారు. జిరాక్సు తీసి చివరి పేజీ మాత్రం తర్వాత పంచండి, లేదా మీరే పైకి చదవండి. 40 నిమిషాల పీరియడ్‌లో చదవడం, రాయడం రెండూ సరిపోతాయి.

రెండో రోజు నోట్సులో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయించండి. ఎడమవైపు కథలోంచి ఎత్తి రాసిన వాక్యం, పేజీ నంబరు. కుడివైపు ఆ వాక్యం గురించి తన మాట. అలాంటివి మూడు. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, కుడివైపు కూడా ఎడమవైపు వాక్యానికి అర్థమే రాయడం. పద్యానికి ప్రతిపదార్థం రాసే అలవాటు అది. కుడివైపు మొదటి మాట ‘ఎందుకంటే’, ‘కానీ’, ‘అయితే’లలో ఒకటి అయి ఉండాలని నియమం పెడితే చాలామటుకు తగ్గుతుంది.

మూడో రోజు ఆ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకుని 120 నుంచి 150 మాటల్లో ప్రతిస్పందన. కథ చెప్పడానికి రెండు వాక్యాలకు మించి వీల్లేదు. రచయిత జీవితం అసలు వద్దు. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో కథ అచ్చయిందన్న సంగతి చర్చకు పనికొస్తేనే రాయాలి. ఉదాహరణకు, ఆ రోజుల్లో చదువుకున్న భార్య భర్తకు ఉత్తరం రాసి పెట్టడం గురించి మాట్లాడుతున్నప్పుడు.

ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే జవాబు అంత విశాలంగా వస్తుంది. ‘కమలిని పాత్ర గురించి రాయి’ అంటే ‘కమలిని తెలివైన ఇల్లాలు’ అంటారు. ‘ఉత్తరంలో కమలిని భర్తను ఎక్కడైనా తిట్టిందా? వెతికి చూపించు’ అనండి. తిట్టు ఒక్కటీ దొరకదు. మీటింగులని చెప్పి రాత్రుళ్ళు తిరిగిన సంగతి తనకు తెలిసిందంటుంది. తాను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడవలసి వచ్చింది, పుట్టింట్లో ఉంటే ఆ అవసరం ఉండదు అన్నట్టు రాస్తుంది. తిట్టకుండా అంత గట్టిగా ఎలా తగిలింది అన్న దగ్గర పిల్లలకు నిజంగా రాయడానికి సరుకు దొరుకుతుంది. ఉత్తరం ‘అయ్యా’ అని మొదలవగానే గోపాలరావు ఉలిక్కిపడటం కూడా అక్కడే పట్టుకుంటారు.

ఇంటి నౌకరు రాముడి గురించి కూడా అడగండి. భార్య కనపడని కోపంలో గోపాలరావు అతని మీద చెయ్యి చేసుకుంటాడు. నీతి కోసం చదివే పిల్లలు ఆ వాక్యాన్ని దాటేసి పోతారు, ఎందుకంటే ‘భర్త మారాడు’ అన్న నీతిలో రాముడికి చోటు లేదు. ‘తప్పు చేసిందెవరు, దెబ్బ తిన్నదెవరు?’ అని అడిగిన తరగతిలో రాతలు వేరేగా ఉంటాయి.

పాఠకమిత్ర:
దిద్దడం గురించి. 46 పుస్తకాలూ ఒకే వారం తీసుకోకండి. నాలుగు జట్లు చేస్తే వారానికి 11 లేదా 12 వస్తాయి. ప్రతి పుస్తకంలో తప్పులన్నీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టడం ఇక్కడ వద్దు, దానికి ఎఫ్‌ఏలో రాత అంశాలని వేరే భాగం ఉంది. వత్తులు, దీర్ఘాలు సరిచేసిన పేజీ పిల్లల చేతికి వెళ్తే వాళ్ళు చూసేది సున్నాలనే. తర్వాతిసారి తప్పు పడదని తెలిసిన గైడు వాక్యమే రాస్తారు.

మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాయండి. ‘బాగుంది’, ‘ఇంకా వివరంగా రాయాలి’ లాంటివి పనిచేయవు. పిల్లవాడు ఇలా రాశాడనుకోండి: ‘కమలిని చేసిన పని వల్ల గోపాలరావులో మార్పు వచ్చింది. ఇది చాలా గొప్ప కథ.’ దాని పక్కన ‘మారాడని నీకు ఏ మాట దగ్గర నమ్మకం కలిగింది? అది మార్పా, భయమా?’ అని రాయండి. జవాబుగా మూడు వాక్యాలు అదే పేజీ కింద రాయాలి. దిద్దడం అంతటితో సరి. పుస్తకానికి రెండు నిమిషాలు పడుతుంది.

5 మార్కులను ఇలా విడగొట్టొచ్చు: కథలోంచి సరైన వాక్యం ఎత్తి చూపినందుకు 2, ఆ వాక్యానికీ తన అభిప్రాయానికీ లంకె చెప్పినందుకు 2, మార్జిన్ ప్రశ్నకు జవాబు రాసినందుకు 1. అభిప్రాయం మనకు నచ్చిందా లేదా అన్నదానికి మార్కు లేదు. ‘కమలిని అలా భయపెట్టడం నాకు నచ్చలేదు’ అని రాసి వాక్యం చూపించిన పిల్లకు 5కి 5 వేసి, ఆ పేజీ తరగతిలో చదివించండి. టీచరుకు నచ్చే జవాబు రాయనక్కర్లేదని పిల్లలకు అర్థమయ్యేది అప్పుడే.

ఫోన్‌లోంచి దింపిన రాతలకు మందు కూడా ఇందులోనే ఉంది. మూడు చోట్ల ఆపి రాసిన ముక్కలు తరగతి గదిలోనే పుడతాయి కాబట్టి, చివరి రాత వాటి నుంచి ఎదిగిందో లేదో పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇంటికి పంపేది సాపు రాయడానికి మాత్రమే.

సుద్దముక్క:
పాఠకమిత్ర గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. పిల్లలు తమ ఇంటి మాటలో రాస్తే కొట్టేయకండి. ఆ కథలో రాముడు మాట్లాడేది తన యాసే. ‘గాయన’, ‘గట్ల’, ‘ఏటి’, ‘నానేటి సేసాను’ లాంటివి ప్రతిస్పందనలో కనిపిస్తే పిల్ల సొంతంగా ఆలోచిస్తోందనడానికి అది మంచి గుర్తు.

తొమ్మిదో_తరగతి_తెలుగు:
చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. రేపటి నుంచే జట్లు చేస్తాను. నవల, వ్యాసం సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

డిగ్రీ_తెలుగు_శాఖ:
నవలకు చివర్లో ఒక పెద్ద ప్రతిస్పందన అడగొద్దు. 200 పేజీలు చదివాక పిల్లలకు గుర్తుండేది మొదటి 20, చివరి 20 పేజీలే. ఐదారు భాగాలు చేసి, ఒక్కో భాగానికి తేదీ వేసిన ఒక చిన్న రాత పెట్టండి. ఒకే పాత్రను మొదటి నుంచి చివరి దాకా వెంబడించమనడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

డిగ్రీ తరగతులకు డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ నవల తీసుకుంటే, అందులో ముఖ్య పాత్ర ఇందిర గురించి మొదటి భాగం తర్వాతే సగం మంది తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పును రాసి ఉంచమనాలి. తర్వాతి రాతల్లో పాత వాక్యాన్ని చెరపకూడదు. దాని కిందే ‘అప్పుడు అలా అనుకున్నాను, ఇప్పుడు ఈ పేజీ చదివాక...’ అని కొనసాగించాలి. ఉద్యోగం చేసి ఇల్లు నడిపే ఇందిర గురించి మొదటి వారం రాసిన మాటకూ ఆఖరి వారం రాసిన మాటకూ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో పేజీ నంబరుతో చూపించడమే నవలకు అసలైన ప్రతిస్పందన. అభిప్రాయం మారకపోయినా ఫర్వాలేదు. ఎందుకు మారలేదో పేజీ చూపించి చెప్పాలి. మీ తొమ్మిదో తరగతికైతే 80 నుంచి 100 పేజీల పిల్లల నవల, నాలుగు రాతలు సరిపోతాయి. పాత్రల పేర్లు, చుట్టరికాలు ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించండి. నవల సగంలో వదిలేసే పిల్లల్లో చాలామంది ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తులేక ఆగిపోయినవాళ్ళే.

స్వీయానుభవ వ్యాసం దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. కథలో ‘నేను’ అంటే రచయిత కాదని నేర్పిన పిల్లలకు, ఇక్కడ ‘నేను’ రాసిన మనిషేనని ముందే చెప్పాలి. చెప్పకపోతే ‘ఈ పాత్ర ఇలా చేసి ఉండాల్సింది కాదు’ అని ఒక మనిషి జీవితానికి మార్కులు వేసేస్తారు. అడగవలసింది ‘ఆయన చేసింది సరైనదేనా’ అని కాదు. ‘ఏ సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగారు, ఏది ఒక్క వాక్యంలో దాటేశారు, ఎందుకై ఉంటుంది’ అని అడగాలి.

‘మీ జీవితంలో ఇలాంటి సంఘటన రాయండి’ అన్నది తప్పనిసరి చేయకండి. ఆకలి, అవమానం, ఇంట్లో తాగుడు, కులం పేరుతో పడ్డ మాట, ఇవన్నీ పిల్లల కలం నుంచి వస్తాయి. అలాంటి రాత వస్తే పైకి చదివించకూడదు, నోటీసు బోర్డుకు ఎక్కించకూడదు, మార్కు వేయకూడదు. ‘చదివాను’ అని రాసి విడిగా మాట్లాడాలి. పిల్లకు ప్రమాదం ఉన్నట్టు కనిపిస్తే హెడ్‌మాస్టరుకు చెప్పాలి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. రాయడం మొదలుపెట్టకముందే ఒక ఏర్పాటు చేయండి. ఎవరికీ చూపించకూడదనుకున్న పేజీని మధ్యకు మడిచి ఇవ్వవచ్చని, మడిచిన పేజీని తోటి పిల్లలెవరూ చదవరని తరగతికి చెప్పండి. నోటు పుస్తకాలు పంచే పని ఆ రోజు క్లాసు లీడరుకు అప్పగించకుండా మీరే చేయండి.