సందుల్లో బాంబులు ఆపమని అర్జీ పెడదామా? నాగులచవితి నాడు నా ఎడమ చెవికి దెబ్బ తగిలింది

ఉప్పుగాలి, మంగళవారం రాత్రి 10:12

విశాఖ పెదవాల్తేరులో ఉంటాను. నాగులచవితి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సందులో బండికి స్టాండు వేస్తున్నాను. దీపావళికి దాచి ఉంచిన మందుగుండు పిల్లలు కాలుస్తున్నారు. మన వైపు ఏటా ఉండేదే కదా, పట్టించుకోలేదు. గోడ వారన ఎవరో పురికొస చుట్టిన బాంబు పెట్టి పరిగెత్తారు. నేను చూడలేదు. నా ఎడమ పక్కనే పేలింది.

చెవిలో నీళ్ళు నిండినట్టు అయిపోయింది. మా ఆవిడ మేడ మీద నుంచి కేకేస్తే పక్క వీధిలోంచి పిలిచినట్టు వినిపించింది. అరగంటకి సన్నటి కూత మొదలైంది. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు, ఇంకా ఆగలేదు. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోస్తానంది, వద్దన్నాను. కానీ పడుకుంటే తగ్గిపోతుందిలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆ నాలుగు రోజుల సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

డాక్టరు దగ్గర పరీక్ష చేస్తే కర్ణభేరి బాగానే ఉంది. ఆడియోగ్రాంలో, అంటే వినికిడి పరీక్ష గీతలో, కుడి చెవి గీత తిన్నగా వెళ్ళింది, ఎడమ చెవిది 4000 హెర్ట్జ్ సన్నటి శబ్దాల దగ్గర 55 డెసిబెల్‌కి గోతిలోకి దిగినట్టు దిగిపోయింది. స్టెరాయిడ్ మాత్రలు రాశారు. మొదటి రోజే రావాల్సింది అన్నారు.

సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది. ఇళ్ళ మధ్య సందుల్లో శబ్దం బాంబులు వద్దు, మైదానాల్లోనే కాల్చాలి అని అర్జీ పెడదామనుకుంటున్నాను. సంతకం పెట్టేవాళ్ళు చెప్పండి.

పాత ఫిట్టర్, మంగళవారం రాత్రి 10:50

బాబూ, నీ చెవి బాగుపడాలి, ముందు ఆ మాట. కానీ ఒక్క బాంబుకి చెవి పోయిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల రిపేరులో పనిచేశాను. ట్యాంకు లోపలికి దిగి చిప్పింగ్ సుత్తులతో తుప్పు కొట్టేవాళ్ళం. నలుగురు ఒకేసారి కొడుతుంటే గుడిగంట లోపల కూర్చున్నట్టు ఉండేది. చెవుల్లో దూది, తలకి తువ్వాలు, అంతే. సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తిని పడుకునేవాళ్ళం.

ఇంకో మాట. బాంబుకి 4 మీటర్ల లెక్క ఉంది. నీకు ఎంత దూరంలో పేలింది? కొలిచావా? కొలవకుండా అర్జీ ఏం రాస్తావు?

చవితి పుట్ట, మంగళవారం రాత్రి 11:05

పెళ్ళి ఊరేగింపుల్లో డీజేలు గుండెలు అదరగొడుతుంటే ఎవరూ అర్జీ పెట్టరు. పుట్టలో పాలు పోసిన రోజు పిల్లలు నాలుగు టపాసులు కాలిస్తే పెడతారు. సంతకం పెట్టను.

మద్దిలపాలెం 77, మంగళవారం రాత్రి 11:20

రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఎలాగూ కాల్చకూడదు, 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మళ్ళీ కొత్త అర్జీ దేనికి?

ఉప్పుగాలి, మంగళవారం రాత్రి 11:24

నాకు దెబ్బ తగిలింది సాయంత్రం 6:50కి అండీ.

బాబాయ్ గారూ, టేపు పట్టుకుని బండి దిగలేదు నేను. చేయి చాస్తే తగిలేంత దగ్గర.

వినికిడి కొమ్మాది, బుధవారం ఉదయం 7:30

వినికిడి పరీక్షలు చేయడమే నా ఉద్యోగం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఫిట్టర్ గారు చెప్పింది గంటల తరబడి ఉండే రొద. బాంబుది ఒక్క దెబ్బ. రెండూ చెవిని పాడు చేస్తాయి, పాడు చేసే తీరు వేరు. పెద్ద శబ్దం వస్తే మధ్య చెవిలో ఒక చిన్న కండరం బిగుసుకుని కొంత అడ్డుకుంటుంది. అది బిగుసుకునేసరికి సెకనులో పదో వంతు దాకా పట్టొచ్చు. బాంబు ఒత్తిడి అంతకు ముందే లోపలికి వెళ్ళిపోతుంది. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి కాక్లియాలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. చచ్చిపోయిన కణం మనిషిలో మళ్ళీ పుట్టదు. శబ్దం వల్ల దెబ్బ తింటే ముందుగా 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య పడిపోవడం మేం రోజూ చూసేదే. ఉప్పుగాలి గారి గీత అచ్చం అదే.

ఇక 4 మీటర్లు. 1999 రూలు ప్రకారం పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 145 డెసిబెల్ పీక్ (ఆ క్షణంలో శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) దాటే టపాసు తయారు చేయకూడదు, అమ్మకూడదు. బయట ఖాళీ స్థలంలో దూరం సగానికి తగ్గితే శబ్దం 6 డెసిబెల్ పెరుగుతుంది. అంటే రూలుకి లోబడిన బాంబే 2 మీటర్లలో 151, ఒక మీటరులో 157. రెండు గోడల మధ్య అయితే తిరిగి కొట్టే శబ్దం కూడా కలుస్తుంది. పీక్ శబ్దం పెద్దలకి 140, పిల్లలకి 120 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

ఎవరికైనా ఇలా జరిగితే నూనె, చుక్కలు ఏవీ వేయకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే చీము పట్టొచ్చు. మర్నాడే ఈఎన్టీకి వెళ్ళండి. స్టెరాయిడ్ అందరికీ పనిచేస్తుందని చెప్పలేం, కానీ ఇచ్చేదేదో తొందరగా ఇవ్వాలి.

సీతమ్మధార అమ్మ, బుధవారం ఉదయం 9:02

పిల్లలకి 120 అని ఇప్పుడే తెలిసింది. మా బాబుకి ఏడేళ్ళు. బాంబు పెడితే చెవులు మూసుకుని ఏడుస్తాడు. భయం పోవాలి, మగపిల్లాడు అని మా మరిది వాడి చేతులు పట్టుకుని చెవుల మీద నుంచి లాగేశాడు, అందరి ముందూ. అందరూ నవ్వారు. నేను గట్టిగా మాట్లాడితే పండగ పూట గొడవ పెట్టానన్నారు. రెండేళ్ళు అయింది, మా తోటికోడలు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. నా సంతకం రాసుకోండి.

చవితి పుట్ట, బుధవారం ఉదయం 9:15

అది మీ ఇంటి గొడవ అమ్మా. దానికి పండగ ఏం చేసింది?

పాత ఫిట్టర్, బుధవారం ఉదయం 9:40

కొమ్మాది అమ్మా, బాగా చెప్పావు. కానీ చూడు, నువ్వు కూడా దూరం మీదే లెక్క కట్టావు. 2 మీటర్లయితే ఒక లెక్క, ఒక మీటరయితే ఇంకో లెక్క. ఇతను ‘చేయి చాస్తే’ అంటున్నాడు. అవతల ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్న అదే. సందు వెడల్పు ఎంత, ఎక్కడ పెట్టారు, నువ్వెక్కడ నిలబడ్డావు. కాగితం మీద అంకె లేకపోతే ఆ కాగితం బల్ల మీద నుంచి కదలదు.

ఉప్పుగాలి, బుధవారం మధ్యాహ్నం 1:35

నిన్నటి నుంచి 4 మీటర్లు, 4 మీటర్లు. నా చెవిలో కూత ఎన్ని మీటర్లలో ఉందో కొలిచి చెప్పమంటారా? బ్యాంకు కౌంటర్లో కూర్చుంటాను. ఎడమ పక్క నిలబడిన కస్టమర్ మాట సగం అర్థం కాదు. రెండోసారి అడిగితే ‘చెవుడా’ అంటున్నారు. రాత్రి ఫ్యాను ఐదులో పెడితేనే కాస్త మరుగున పడుతుంది. కరెంటు పోతే లేచి బీచ్ రోడ్డుకి నడిచి వెళ్తున్నాను, అలల హోరులో అది వినపడదు కాబట్టి. రాత్రి రెండింటికి, లాసన్స్ బే దగ్గర, ఒక్కణ్ణే. మొన్న పోలీసు బండి ఆపి ఎందుకు తిరుగుతున్నావని అడిగింది. ఏం చెప్పను? పైకి రక్తం లేదు, కట్టు లేదు. ఇంట్లోవాళ్ళే పది రోజులకి విసిగిపోయారు.

ముప్పై ఏళ్ళు సుత్తుల మధ్య ఉన్నా మీ చెవులకి ఏమీ కాలేదు. సంతోషం. మీకు తెలియని బాధ గురించి మీరు మాట్లాడకండి.

మోడరేటర్, బుధవారం మధ్యాహ్నం 2:00

ఇద్దరూ నెమ్మదిగా. విషయం మీదే మాట్లాడండి.

పాత ఫిట్టర్, బుధవారం సాయంత్రం 5:48

ఏమీ కాలేదని నేను ఎక్కడా రాయలేదు. ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళం అన్నాను.

నా చెవుల్లో కీచురాళ్ళు అరవడం మొదలై పదిహేడేళ్ళయింది. రెండు చెవుల్లోనూ. మాట వినపడుతుంది, ఏ మాటో తెలియదు. ‘సంచి’ అన్నారో ‘మంచి’ అన్నారో మొహం చూసి గ్రహించుకుంటాను. ఫోను ఎత్తడం మానేశాను. అందుకే ఇక్కడ రాసుకుంటాను, చదువుకోవడానికి చెవులు అక్కర్లేదు.

ఉద్యోగంలో ఉండగానే అర్జీ పెట్టాను. నా కంపెనీ పేరు రాయను. శబ్దం ఎంత ఉండేదో కొలిచిన కాగితం చూపించమన్నారు. కొలిచే మీటరు వాళ్ళ దగ్గరే ఉంటుంది, నా దగ్గర ఎలా ఉంటుంది? ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలకి 90 డెసిబెల్ హద్దు అని, శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టంలో వృత్తి జబ్బుల జాబితాలోనే ఉందని యూనియన్లో ఒకాయన చెప్పాకే నాకు తెలిసింది. అప్పటికే నా కాగితం ‘వయసు వల్ల’ అని తిరిగొచ్చింది. అప్పుడు నాకు యాభై రెండేళ్ళు. రిటైరయ్యాక వికలాంగుల సర్టిఫికెట్‌కి వెళ్తే రెండు చెవుల్లో 60 డెసిబెల్ పోయి ఉండాలన్నారు. నాకు అంత లేదు.

నీ బాధ తెలియక కాదు బాబూ నేను దూరం అడిగింది.

వినికిడి కొమ్మాది, బుధవారం సాయంత్రం 6:30

బాబాయ్ గారూ, వినపడటం, మాట తెలియకపోవడం, అదంతా పై ఫ్రీక్వెన్సీలు, అంటే సన్నటి శబ్దాలు, వినపడకుండా పోవడం వల్లే. స, చ, త లాంటి హల్లులు అక్కడే ఉంటాయి. ఇప్పుడైనా మెషిన్ పెట్టించుకోవచ్చు, కూత కూడా కొందరిలో దానితో తగ్గుతుంది. వాల్తేరు ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రిలో చూపించుకోండి.

ఉప్పుగాలి, బుధవారం రాత్రి 8:10

బాబాయ్ గారూ, తొందరపడి మాటన్నాను. క్షమించండి.

మీరూ సంతకం పెడితే అర్జీకి బలం వస్తుంది.

పాత ఫిట్టర్, బుధవారం రాత్రి 8:35

క్షమాపణ అక్కర్లేదు. సంతకం మాత్రం అర్జీ చూశాకే. అందులో బాంబులు తప్ప ఇంకేమైనా ఉందా? మా శ్రీహరిపురంలో రోడ్డు పక్క వెల్డింగు షాపుల్లో గ్రైండర్లు పట్టుకుని పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు కూర్చుంటారు, చెవులకి ఏమీ ఉండదు. పెళ్ళి ఊరేగింపులో డీజే బండి వెనక జనరేటరు పక్కనే నడిచే కుర్రాడు ఉంటాడు. వాళ్ళ మాట రాయి.

ఉప్పుగాలి, బుధవారం రాత్రి 9:02

అవన్నీ నిజమే. కానీ అన్నీ కలిపితే ఒక్కటీ జరగదు. షాపుల వాళ్ళు ఒకవైపు, డీజేల వాళ్ళు ఒకవైపు అడ్డం తిరుగుతారు. సందుల్లో బాంబులు అనే ఒక్క విషయం రాస్తే వచ్చే దీపావళికైనా ఏదో ఒక ఆర్డరు వస్తుంది.

పాత ఫిట్టర్, బుధవారం రాత్రి 9:20

ఒక్క విషయం అంటే నీ విషయం. నీ చెవికి పంతొమ్మిది రోజులకే అర్జీ తయారైంది. వాళ్ళ చెవులు వేరే అర్జీ దాకా ఆగాలి, అది రాసేవాడు ఉండడు. నేను ఒప్పుకోను.

ఉప్పుగాలి, బుధవారం రాత్రి 9:31

నేను రాయగలిగింది నాకు జరిగింది. జరగని దాని గురించి రాస్తే మీరే కొలిచావా అని అడుగుతారు.

సీతమ్మధార అమ్మ, బుధవారం రాత్రి 9:44

రెండు అర్జీలు పెట్టకూడదా?

పాత ఫిట్టర్, బుధవారం రాత్రి 9:50

రెండోది ఎవరు పట్టుకెళ్తారమ్మా? అవతలి మనిషి అడిగేది నాకు వినపడదు.

ఉప్పుగాలి, గురువారం ఉదయం 6:40

పొద్దున్నే మా అబ్బాయిని అవతలి కొస పట్టుకోమని టేపు వేశాను. సందు వెడల్పు 11 అడుగుల 4 అంగుళాలు. మూడున్నర మీటర్లు కూడా లేదు. బాంబు మసి గోడ మీద ఇంకా ఉంది, అక్కడి నుంచి నా బండి స్టాండు దాకా 2 అడుగుల 9 అంగుళాలు. ఫోటో తీశాను.

పాత ఫిట్టర్, గురువారం ఉదయం 7:05

గోడ నుంచి గోడకా? కాలువ కలిపి కొలిచావా, వదిలేసి కొలిచావా?

ఉప్పుగాలి, గురువారం ఉదయం 7:08

కాలువ కలిపే.