సమస్య: "ప్రైము సంఖ్యను రెండుగా పగులగొట్టె"

నిర్వాహకుడు: తేటగీతి పాదం ఇచ్చాను. ఒకటీ, తానూ తప్ప వేరే కారణాంకాలు లేని సంఖ్య ప్రైము, దాన్ని పగులగొట్టడమే చిక్కు. 'ప్రధాన' ఉండగా ఈ 'ప్రైము' ఏమిటని అడగబోయేవారికి ముందే మనవి: 'ప్రధాన' జగణం, తేటగీతి పాదం దానితో మొదలవదు. కలలో పగులగొట్టాడనే పూరణలు ఈసారి వద్దు, దయచేసి.

లెక్కల పంతులు:
నాడు మెర్సెను ప్రైమన్న నంబరొకటి
పలుకకుండగ నల్లటి పలకపైన
కోలు గుణకారమొక్కటే కూర్చి చూపి
ప్రైము సంఖ్యను రెండుగా పగులగొట్టె

2⁶⁷ − 1 ప్రైమని 1644లో ఫ్రెంచి గణితజ్ఞుడు మెర్సెన్ రాశాడు. కాదని 1876లో లూకాస్ తేల్చాడు గానీ కారణాంకాలు దొరకలేదు. 1903లో న్యూయార్క్ గణిత సభలో కోల్ అనే గణితజ్ఞుడు బోర్డు దగ్గరికెళ్లి 193707721ని 761838257287తో గుణించి, నోరు విప్పకుండా వచ్చి కూర్చున్నాడట.

నిర్వాహకుడు: బాగుంది మాస్టారూ. 'నంబరొకటి' ప్రథమలో ఉండి క్రియతో పొసగడం లేదు. 'నంబరు నిటు' అనండి, ద్వితీయ వస్తుంది. పగిలింది గనక అది ప్రైమే కాదు కదా అంటారేమో, 'అన్న' అనే మాట మిమ్మల్ని కాపాడింది.

జామచెట్టు:
గౌసు పూర్ణాంక లోకాన గాలు మోపి
మైనసొకటికి మూలమౌ మంత్రమూని
యైదు నెదురుగ నిలబెట్టి యతివ యొకతె
ప్రైము సంఖ్యను రెండుగా పగులగొట్టె

మా అమ్మాయి నేర్పిన లెక్క: (2 + ఐ)(2 − ఐ) = 4 + 1 = 5. ఇక్కడ 'ఐ' అంటే −1కి వర్గమూలం; మామూలు పూర్ణాంకాలకు 'ఐ' గుణిజాలు కలిపితే వచ్చేవే గౌసు పూర్ణాంకాలు.

నిర్వాహకుడు: ఆహా! వర్గమూలమూ మూలమంత్రమూ ఒకే దెబ్బకు పలికాయి. వేలు పెట్టడానికి చోటు లేదు.

లెక్కల పంతులు: 13, 17 కూడా అలాగే పగులుతాయమ్మా. నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రైములన్నీ అంతే. 3 మిగిలేవి మాత్రం ఆ మంత్రానికి లొంగవు, మెర్సెన్ ప్రైములన్నీ (2ⁿ − 1 రూపంలో ఉండే ప్రైములు) ఈ బాపతే. ఆయిలర్ 1772లో ప్రైమని నిరూపించిన 2147483647 (అంటే 2³¹ − 1) చూడండి: చివర 47, అందులో 44 పోగా 3. కోల్ 67 బదులు 31 పట్టుకుని ఉంటే ఇంకా బోర్డు దగ్గరే నిలబడి ఉండేవాడు.

రాత్రిబండి: కొత్తవాణ్ణి, తప్పులుంటే చెప్పండి.
నాల్గు కోట్లకు మించిన అంకెలున్న
సంఖ్య నచ్చేయ నొకబైండు చాలదనుచు
కుట్టువేసెడి బైండరు కోపగించి
ప్రైము సంఖ్యను రెండుగా పగులగొట్టె

2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ఇది. మొత్తం 4,10,24,320 అంకెలు. పేజీకి 3000 చొప్పున కుక్కినా 13,675 పేజీలు.

నిర్వాహకుడు: నవ్వించారు! మొదటి పాదంలో యతి తప్పింది, 'నా'కు 'అం' చెల్లదు. 'మించిన అంకె' విసంధి (సంధి చేయాల్సిన చోట చేయకపోవడం) కూడా. "అంకెలవి నాల్గు కోట్లకు నవలనున్న" అంటే రెండూ పోతాయి. రెండో పాదంలో 'సం', 'చా' యతి సరిగ్గానే ఉంది, దాన్ని కదపకండి.

లెక్కల పంతులు: నాయనా, రెండో సంపుటం చివరి అంకె 1. కాబట్టి ఆ ముక్క కూడా ప్రైమయ్యే అవకాశం లేకపోలేదు. ఇంతకీ ఏ పేజీ దగ్గర కోశాడు?

రాత్రిబండి: అడిగితే కొట్టేట్టున్నాడండీ.