‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే తప్పా?

మొన్న ఆఫీసు కాల్‌లో ‘ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్’ అన్నాను. అవతల ఉన్న ఇంగ్లండు ఆయన మొహం మాడ్చుకుని పావుగంట సేపు తన డిజైన్‌ను వెనకేసుకొచ్చాడు. నిజానికి నేను అడగబోయింది ఒక చిన్న విషయం. నా మాటలో తప్పేముందో ఎవరైనా చెబుతారా?

— తప్పు మీది కాదండీ, మన ‘సందేహం’ది. తెలియనిది అడిగినా సందేహమే, నమ్మకం కుదరకపోయినా సందేహమే. ‘డౌట్లుంటే అడగండర్రా’ అని బళ్ళో మాస్టారే అంటారు కదా. ఇంగ్లండు వాళ్ళ డౌట్‌లో మొదటి అర్థం లేదు. అందుకే ఆయనకు ‘మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదు’ అని వినబడింది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ద డిజైన్’ అంటే గొడవే లేదు. ఈ తంటా మనొక్కళ్ళదే కాదు లెండి, స్పానిష్ ‘దూదా’కూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు మాత్రం నేనూ డౌటనే అంటాను, మానను.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ‘వాడే తీశాడని నా డౌట్’ అంటాం. దాన్ని యథాతథంగా ‘ఐ డౌట్ దట్ హీ టుక్ ఇట్’ అని ఇంగ్లీషులో పెడితే, ‘వాడు తీసి ఉండడు’ అని అర్థం తిరగబడుతుంది. దొంగను పట్టిద్దామని వెళ్ళి మనమే విడిపించినట్టు! అక్కడ వాడాల్సింది ‘ఐ సస్పెక్ట్’.

— అంటే డౌట్ సందేహం, సస్పెక్ట్ అనుమానం అనుకోవచ్చా గురువుగారూ?

— చాలావరకు అనుకోవచ్చు. ‘అనుమానం’ కథ తమాషాగా ఉంటుంది. న్యాయదర్శనంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, అది ప్రమాణాల్లో (నిజం తెలుసుకునే మార్గాల్లో) ఒకటి, ప్రత్యక్షం (కళ్ళారా చూడటం లాంటిది) తర్వాతిది. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చుకోవడం. మన వాడుకలోకి వచ్చేసరికి పొగ చూసి పొరుగువాణ్ణి పట్టుకుంటున్నాం. అయినా పాత వాసన పోలేదు: అనుమానం ‘ఉంది’ వైపు మొగ్గుతుంది, ఇంగ్లీషు డౌట్ ‘లేదు’ వైపు.

ఇందులో ఒక మెలిక. స్కాట్లండులో ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే వాన పడేలా ఉందని. మన ‘వానొస్తుందని నా డౌట్’ అచ్చంగా అదే. కాబట్టి మీ కాల్‌లో స్కాట్లండు వాళ్ళుంటే బతికిపోయారు.

— మరి ‘నిస్సందేహంగా’ అనడానికి ‘నో డౌట్’ వాడొచ్చా?

— జాగ్రత్త. ‘దేర్ ఈజ్ నో డౌట్’ అంటే నిజంగానే సందేహం లేదని. ఒట్టి ‘నో డౌట్ హీ విల్ కమ్’ మాత్రం చాలాసార్లు ‘వస్తాడులే’ అన్నంతే.