బోరు పాయింటుకు కొబ్బరికాయా, మెషినా? నాకు రెండిటి మీదా అనుమానమే

మామిడితోపు_పాకాల:

అందరికీ నమస్కారం. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి కాదు, ఇంటర్‌తో ఆపేసి తిరుపతిలో పైపుల షాపులో పనిచేస్తున్నా. పాకాల దగ్గర మాకు నాలుగెకరాల తోతాపురి తోపుంది, నాయన చూసుకుంటాడు. పదేళ్ళలో ఐదు బోర్లు వేశాము. మొదటి రెండు కొబ్బరికాయతో చూసిన పాయింట్లు, ఒకటి పడింది, ఒకటి పోయింది. తర్వాతి రెండు మెషిన్ తెప్పించి చూపించినవి, ఒకదాంట్లో ఇంచిన్నర నీళ్ళు వచ్చి రెండో ఎండాకాలానికి ఆగిపోయాయి, ఇంకోటి 900 అడుగులు పోయినా దుమ్మే. ఐదోది ఎవరినీ అడగలేదు. రిగ్గు బండి తిరగడానికి వీలుగా ఉందని, తోపుకు దూరంగా చెరువు కట్ట దిగువన ఉన్న మా మూల కయ్యలో వేశాము, అది ఇప్పటికీ పోస్తోంది. దీన్నిబట్టి ఎక్కడైనా వేసేయండి అని చెప్పడం లేదు, ఐదు బోర్లతో ఏదీ తేలదు. నా బాధల్లా ఆ 900 అడుగుల రాత్రి గురించే.

తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు బండి. సాయంత్రం ఆరుకు మొదలుపెట్టారు. రాడ్డు రాడ్డుకూ పైకొచ్చిన పొడిని ఒక గుప్పెడు తీసి గోనెసంచి మీద వరసగా కుప్పలు పోస్తాడు కుర్రోడు, మా నాయన ఒక్కో కుప్పనూ వేలితో తాకి చూస్తున్నాడు. 420 దగ్గర కొంచెం తడి తగిలింది. నాయన ఆ కుప్పను చేతిలోకి తీసుకుని నలిపి నాకు చూపించాడు, ఆ ముఖం నేను మర్చిపోలేను. తర్వాత మళ్ళీ తెల్లదుమ్ము. మామిడాకుల మీదంతా పౌడరు కొట్టినట్టు అయిపోయింది. అక్కడ ఆపేసి ఉండాల్సింది. డ్రైవర్ "ఇంకో వంద పోదామా" అన్నాడు, పాయింటు చూసినాయన ఫోన్లో "650లో గ్యాప్ ఉంది, కచ్చితం" అన్నాడు, ఆ తర్వాత "800" అన్నాడు. తెల్లారేసరికి అమ్మ గాజులు తాకట్టుకు పోయాయి. మర్నాటి నుంచి ఆయన ఫోన్ ఎత్తలేదు.

నేనడిగేది ఒకటే. కాయ పట్టేవాళ్ళను అడగండి, మెషిన్ తెచ్చేవాళ్ళను అడగండి, పడిన బోర్లన్నీ ఊరూపేరుతో చెబుతారు. పోయినవి ఎన్ని అని ఒక్కరూ రాసి పెట్టుకోలేదు. ఆ లెక్క లేకుండా ఎవరినైనా ఎందుకు నమ్మాలి?

రంగంపేట_రెడ్డన్న:

తమ్ముడూ, నీ కష్టం చదివి మనసు కష్టమైంది. కానీ కొబ్బరికాయను మెషిన్‌తో కలిపి కొట్టేయొద్దు. మా అబ్బ (తాత) కాయ పట్టేవాడు, డబ్బు తీసుకునేవాడు కాదు, తాంబూలం ఒకటే. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కాయ నీళ్ళున్న చోట నిలువుగా లేచి నిలబడటం నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. మా ఊళ్ళో పాత బావులన్నీ అట్లా చూసినవే, ఒక్కటీ ఎండలేదు ఆ కాలంలో. సైన్సు సైన్సు అంటారు, ఎండోసల్ఫాన్ పురుగుమందు కొట్టమని మాకు చెప్పింది చదువుకున్నోళ్ళే కదా, 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా కొట్టాము. ఇవాళ మంచిదన్నది రేపు విషమంటారు. పెద్దల మాట అట్లా మారదు.

జియో_ఎమ్మెస్సీ:

నేను ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివాను. మెషిన్ వైపు కూడా ఎవరైనా మాట్లాడాలి కాబట్టి రాస్తున్నా.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా భాగం గ్రానైటు, నైసు రాయి. పైన మెత్తబడిన పొర కొన్ని పదుల అడుగులు ఉంటుంది, దాని కింద గట్టిరాయి. ఆ గట్టిరాయిలో నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి, రిగ్గువాళ్ళు గ్యాప్ అనేది వాటినే. రెసిస్టివిటీ మీటరుతో చేసేది ఏమిటంటే, రెండు కడ్డీల ద్వారా భూమిలోకి కరెంటు పంపి, మధ్యలో ఇంకో రెండు కడ్డీల దగ్గర వోల్టేజీ కొలుస్తాం. పొడిరాయి కరెంటును అడ్డుకుంటుంది, తడిగా ఉన్న పొర తక్కువగా అడ్డుకుంటుంది. మెత్తటి పొర ఎంత మందం ఉందో ఇది బాగానే చెబుతుంది. కానీ ఐదారు వందల అడుగుల కింద జానెడు పగులు ఉందా లేదా అన్నది చెప్పలేదు, లోతు పోయేకొద్దీ సన్నటి పగుళ్ళు దానికి ఆనవు. పైగా బంకమట్టి కూడా కరెంటును బాగా పంపుతుంది, దాన్ని చూసి నీళ్ళనుకునే ప్రమాదం ఉంది.

ఇంకో మాట, అన్నా. మీ దగ్గర కడ్డీలు ఎంత దూరంలో గుచ్చారు? ఎంత లోతు చూడాలో దానికి తగ్గట్టు తీగ లాగాలి. 300 అడుగుల లోతు తెలియాలంటే బయటి కడ్డీల మధ్య అంతకు రెండు మూడు రెట్ల దూరమైనా ఉండాలి. పది గజాల్లో నాలుగు కడ్డీలు గుచ్చి, పావుగంటలో 800 అడుగులు చెప్పినవాడు మెషిన్‌ను చూపించాడే గానీ వాడలేదు.

మామిడితోపు_పాకాల:

తమ్ముడూ, కడ్డీలే లేవు. చేతిలో పట్టుకునే పరికరం, ముందు రెండు యాంటెన్నాలు, ఒక డిజిటల్ డిస్‌ప్లే. యాంటెన్నాలు లోపలికి తిరిగినచోట పాయింటు పెట్టాడు.

జియో_ఎమ్మెస్సీ:

అయితే అది కాయ పట్టడమే అన్నా, పైన ప్లాస్టిక్ తొడుగు. ఇంగ్లాండులో జేమ్స్ మెక్‌కార్మిక్ అనే ఆయన ఇలాంటి యాంటెన్నా పిడినే బాంబులు కనిపెట్టే పరికరమని ఇరాక్‌కు అమ్మాడు. అందులో పనిచేసేదేమీ లేదు, గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మే బొమ్మలాంటి దానికి పేరు మార్చాడు. చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్మి బండ్లను వదిలేశారు. 2013లో ఆయనకు పదేళ్ళ జైలు పడింది.

రంగంపేట_రెడ్డన్న:

చూశారా, మోసం మెషినోడిది. మా అబ్బ ఎవర్నీ మోసం చేయలేదు.

మామిడితోపు_పాకాల:

రెడ్డన్నా, మీ అబ్బ మోసం చేశాడని నేను కలలో కూడా అనను. మా సొంత మేనమామ కాయ పడతాడు, మా మొదటి రెండు పాయింట్లూ ఆయనవే. ఆయనంత నిఖార్సైన మనిషి మా చుట్టాల్లో లేడు. అందుకే పోయిన సంక్రాంతికి ఆయన్నే బతిమాలాను, మామా, ఒకసారి కళ్ళకు గంతలు కట్టుకుని చూస్తావా అని. ఒప్పుకున్నాడు. ముందు కళ్ళు తెరిచి నడిచాడు, వేపచెట్టుకు తూర్పున కాయ లేచింది, అక్కడ చిన్న కట్టె పాతాను. తర్వాత టవలు కట్టి, నేనే భుజం పట్టుకుని అదే కయ్యలో తిప్పాను. మొదటిసారి ఆ కట్టెకు 14 అడుగులు అవతల లేచింది. రెండోసారి లేవలేదు, కట్టె మీదుగానే నడిచాడు. మూడోసారి బండలున్న మూల లేచింది. టవలు విప్పి మూడు గుర్తులూ చూసి మామ చాలాసేపు మాట్లాడలేదు. "చేతిలో లేచేది మాత్రం నిజంరా, నేను లేపలేదు" అన్నాడు. నేను నమ్మాను. ఆయన లేపలేదు. మనసులో ఇక్కడుండొచ్చు అనుకుంటే చేతి కండరాలు మనకు తెలియకుండానే కదులుతాయట, 1852లోనే విలియం కార్పెంటర్ అనే డాక్టరు దీనికి పేరు పెట్టాడు. వేపచెట్టు పచ్చగా ఉన్న వైపు, పల్లం వైపు మామ కళ్ళు ముందే పోయి ఉంటాయి. అది కూడా తెలివే, నలభై ఏళ్ళు నేలను చూసిన కన్ను అది. ఆ కంటికి నేను విలువిస్తాను, కాయకు ఇవ్వలేను.

పెద్ద పరీక్ష కూడా జరిగింది. 1987, 88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర రెండంతస్తుల కొట్టంలో కింద నీళ్ళ పైపును బండి మీద అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తులో, పుల్లలు పట్టి నీళ్ళు కనిపెడతామనేవాళ్ళను నడిపించారు. 500 మందిలోంచి 43 మందిని ఏరి మరీ చేశారు. చేసినవాళ్ళు కొందరికి శక్తి ఉందన్నారు, తర్వాత 1999లో జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త ఆ లెక్కలే మళ్ళీ తీసి చూస్తే గుడ్డిగా చెప్పినదానికీ దానికీ తేడా కనపడలేదు.

ఎండోసల్ఫాన్ మాట నిజమే అన్నా, ఆ కోపం నాకూ ఉంది. కానీ అది చెడ్డదని తేల్చింది ఎవరు? రోగాలు లెక్కపెట్టి, తప్పు జరిగిందని రాసినవాళ్ళే. మాట మారడాన్ని మీరు తప్పంటున్నారు, నాకైతే అందులోనే కొంచెం నమ్మకం కుదురుతోంది. మీ అబ్బ కాలంలో బావులు ఎండలేదంటే అప్పుడు నీళ్ళు ముప్పై నలభై అడుగుల్లోనే ఉండేవి, ఎక్కడ తవ్వినా తగిలేవి. అప్పుడు కాయ ఎట్లా తప్పుతుంది?

రిగ్గు_ఏజెంట్_తిరుపతి:

ఇరవై ఏళ్ళుగా బండ్లు పంపిస్తున్నా. నిజం చెబుతా. కాయతో చూసినవీ, మెషిన్‌తో చూసినవీ మాకు ఒకే మాదిరి పడతాయి, ఒకే మాదిరి పోతాయి. మాకు అడుక్కింత లెక్క, 300 దాటితే రేటు పెరుగుతూ పోతుంది, నీళ్ళు పడినా పడకపోయినా డబ్బులు వస్తాయి. కాబట్టి "ఇంకో వంద" అనే మాట మా డ్రైవర్ నోటి నుంచి ఎందుకు వస్తుందో రైతు అర్థం చేసుకోవాలి. నేను మా వాళ్ళకు చెప్పేశా, రైతు అడిగితే తప్ప ఆ మాట అనొద్దని. ముందే ఇన్ని అడుగులకు ఆపేయాలని కాగితం మీద రాసుకుని రండి. అర్ధరాత్రి దుమ్ములో నిలబడి తీసుకునే నిర్ణయం కాదు అది.

చంద్రగిరి_లక్ష్మి:

మీరందరూ పాయింటు ఎక్కడా అని కొట్టుకుంటున్నారు. ఆ పాయింటు కింద నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో ఒక్కరూ అడగలేదు. 2018, 19లో మా బోరు పూర్తిగా ఎండిపోయింది, పక్క కయ్యలో వాళ్ళు మాకంటే 200 అడుగులు లోతుకు పోయారు, మాది ఇంకా ఎండింది. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ వానల తర్వాత మా ఎండిన బోరులో రాయి వేస్తే నలభై అడుగుల్లోనే నీళ్ళ చప్పుడు వినిపించింది. అదే బోరు, అదే పాయింటు. కాయా మారలేదు, మెషినూ మారలేదు.

2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. నేనూ వాడుతున్నా, తీసేయమని అనను. కానీ ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికొచ్చేస్తాం, కరెంటు ఉన్నంతసేపూ అదే తిరుగుతుంది, తడి అవసరమా కాదా చూసేవాళ్ళు లేరు. కొత్త బోరుకు పర్మిషన్ తీసుకోవాలని 2002లోనే వాల్టా (నీళ్ళు, నేల, చెట్ల) చట్టం వచ్చింది, మా ఊళ్ళో ఎంతమంది తీసుకున్నారో నన్ను అడగొద్దు.

రంగంపేట_రెడ్డన్న:

లక్ష్మీ, ఇది మాత్రం నూటికి నూరు నిజమమ్మా. మా చిన్నప్పుడు చెరువు నిండి మరవ పారితే ఊరంతా పసుపు కుంకుమ తీసుకుని కట్ట మీదికి పోయేవాళ్ళం. ఇప్పుడు సప్లై కాలవే కనపడదు, కంపచెట్లు.

మామిడితోపు_పాకాల:

లక్ష్మక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా ఐదో బోరు ఎందుకు పోస్తోందో ఇప్పుడు తెలుస్తోంది, అది చెరువు కట్ట దిగువన ఉంది. బండి తిరగడానికి వీలని వేశామే గానీ, నీళ్ళు ఇంకే చోటే అది.

2021 వానలంటే నాకు ఇంకోటి గుర్తొస్తుంది. తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒకరింట్లో భూమిలో ఉన్న సిమెంటు వరల ట్యాంకు శుభ్రం చేస్తుంటే మొత్తం పైకి లేచి నిలబడింది. మా షాపుకొచ్చిన వాళ్ళందరిదీ అదే మాట, మహిమన్నారు, భూకంపమన్నారు. నేల నీళ్ళతో నిండిపోయినప్పుడు ఖాళీ ట్యాంకు తేలిందంతే. ఆ రోజు తిరుపతి నేల కింద అన్ని నీళ్ళున్నాయి. రెండు ఎండాకాలాలు తిరక్కుండానే అదే ఊళ్ళో ట్యాంకర్ల కోసం జనం బిందెలు వరస పెట్టారు.

అయినా నా ప్రశ్న వదలను అక్కా. చెరువు నిండినా ఎక్కడో ఒకచోట తవ్వాల్సిందే, తవ్వేటప్పుడు అప్పు చేయాల్సిందే. ఎవరి మాట మీద అప్పు చేస్తున్నామో దాని లెక్క ఉండాలి. నేను షాపులో ఒక నోటుబుక్ పెట్టాను. మోటారు పైపులకు వచ్చిన ప్రతి రైతునూ అడుగుతున్నా: ఊరు, పాయింటు ఎవరు చూశారు కాయా మెషినా ఊరికేనా, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచులు, చెరువుకు ఎంత దూరం, రెండేళ్ళ తర్వాత ఉందా లేదా. ఇప్పటికి 31 రాశాను. కానీ పైపులు కొనడానికి వచ్చేది నీళ్ళు పడినవాళ్ళే కదా, పోయినవాళ్ళు షాపుకే రారు. కాబట్టి పోయిన బోరు ఉన్నవాళ్ళు దయచేసి ఇక్కడ రాయండి. సిగ్గుపడొద్దు, ముందు నాదే రాస్తున్నా: పాకాల, యాంటెన్నా పరికరం, 900 అడుగులు, దుమ్ము, చెరువుకు కిలోమీటరున్నర.

రంగంపేట_రెడ్డన్న:

రంగంపేట. కొబ్బరికాయ, మా చిన్నాయన పట్టాడు. 640 అడుగులు. పడలేదు. చెరువు రెండు కిలోమీటర్లు. ఇంకో రెండున్నాయి, ఇంట్లో అడిగి రాస్తా.