పాతాళగరుడి వేరు బీపీకి మంచిదంటున్నారు, నాన్నకు ఇవ్వొచ్చా?

గోరింట:
నాన్నకు 68 ఏళ్లు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. మొన్న తెలిసినాయన ఒకరు ఎండు వేరు ముక్కలు ఇచ్చి, "ఇది పాతాళగరుడి, సర్పగంధ అన్నా ఇదే. పొడి కొట్టి రాత్రి పాలల్లో అర చెంచా వేసుకోండి, నెలలో మాత్రలు మానేయొచ్చు" అన్నారు. మా పెరటి కంచె మీద పాకిన తీగ కూడా అదేనట. నాన్న అప్పుడే రోలు కడిగి పెట్టుకున్నారు. నిజంగా దీన్ని బీపీకి వాడేవారా?

మిరియం:
మా అమ్మమ్మ నిద్ర పట్టడానికి వాడేదట. చెట్టు వేరు ముక్కే కదండీ, కెమికల్ కాదు. పడకపోతే మానేస్తే సరి.

పాత కాంపౌండర్:
మిరియం గారూ, మిగతా వేళ్ల సంగతేమో గానీ సర్పగంధ దగ్గర ఆ మాట చెల్లదు. నేను మూలికల గోదాంలో చాలా ఏళ్లు పనిచేశాను. బస్తా విప్పి ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుంటే సాయంత్రం దాకా చేదు పోయేది కాదు. వాసన మాత్రం ఏమీ ఉండదు, పేరులో 'గంధ' ఉన్నా సరే.

గోరింట గారూ, పాతకాలంలో దీన్ని పిచ్చికి, నిద్రకు, పాముకాటుకు ఇచ్చేవారు. బిహార్ వైపు 'పాగల్ కీ దవా' (పిచ్చి మందు) అనే అమ్మేవారు. (పాముకాటుకు దీన్ని నమ్ముకుని కూర్చోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి.) రక్తపోటు కొలిచే పరికరమే లేని రోజుల్లో బీపీ మందన్న పేరు ఎలా వస్తుంది? ఆ సంగతి బయటపడింది 1931లో. గణనాథ్ సేన్, కార్తిక్ బోస్ అనే కలకత్తా వైద్యులు ఈ వేరు పిచ్చికీ, రక్తపోటుకీ పనిచేస్తోందని రాశారు. అదే ఏడు ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఇందులోంచి ఒక ఆల్కలాయిడ్ (మొక్కల్లో ఉండే మందుగుణం గల రసాయనం) తీసి, ఆ కాలేజీ స్థాపకుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పిలిచారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల మీద వాడి బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసేసరికి ప్రపంచమంతా ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లో ఈ వేరులోంచి బీపీ తగ్గించే రెసర్పిన్ అనే ఆల్కలాయిడ్‌ను విడదీశారు.

ఆ రెసర్పిన్ నరాల చివర్లలో నిల్వ ఉన్న నారడ్రినలిన్‌ను, అంటే నరాల కబురు మోసే రసాయనాన్ని, ఖాళీ చేస్తుంది. రక్తనాళాలను బిగించే కబురు అందక బీపీ దిగుతుంది. మెదడులో సెరటోనిన్, డోపమిన్ అనే అలాంటి రసాయనాలు కూడా అలాగే ఖాళీ అవుతాయి, అందుకే మత్తు, కొందరికి దిగులు. ఆ నిల్వ మళ్లీ నిండటానికి రోజులు, వారాలు పడుతుంది. అంచేత 'మానేస్తే సరి' అనడానికి లేదు. మాత్రగా ఇచ్చినప్పుడు మామూలుగా రోజుకు పావు మిల్లీగ్రాము దాటనివ్వరు. మరి అర చెంచా పొడిలో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా నాన్నే చేశారీ పని. ఆ వేరు గోదాం నుంచి నేను తెచ్చిందే, తప్పు నాదే. మాత్రతో పాటు పొడీ వేసుకున్నారు. నడివేసవిలో రెండు వారాలు ముక్కు దిబ్బడ! జలుబనుకుని ఆవిరి పట్టాం. ఒక తెల్లవారుజామున మంచం మీంచి లేచి రెండడుగులు వేసి పడిపోయారు. బీపీ చూస్తే 90/60. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే నాన్న ఏమీ లేదన్నారు. అమ్మ ఇంటికెళ్లి ఆ పొడి ఉన్న కాఫీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. ముక్కు దిబ్బడ కూడా దీని గుణమేనని అప్పుడు తెలిసింది.

ఇంకొకటి, సర్పగంధ తీగ కాదు. మోకాలెత్తు పొద, కణుపు కణుపుకీ మూడేసి ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లపూలు. మీ కంచె మీది ఆకు నూగుగా, మెత్తగా ఉందా? గుప్పెడు ఆకులు గ్లాసు నీళ్లలో పిసికి, వడకట్టి, కాసేపు కదపకుండా ఉంచండి.

గోరింట:
ఇప్పుడే చేశానండీ. పావుగంటకు గ్లాసు వంచినా నీళ్లు జారడం లేదు, పచ్చటి జున్నులా పేరుకుంది!

పాత కాంపౌండర్:
అది దూసరి తీగ. సంస్కృతంలో దానికీ పాతాళగరుడి అనే పేరుంది, గొడవంతా అక్కడే. అంటే వేరు ఇచ్చినాయనకు ఏది ఏదో తెలియదన్నమాట. ఆ ముక్కలు ఎక్కడున్నాయి?

గోరింట:
చెత్తబుట్టలో. నాన్న అలిగి రోలు బోర్లించారు. రేపు డాక్టర్ దగ్గర బీపీ చూపిస్తానని ఒప్పించాను.